సార్ కునుకు తీసిన బస్సు

ఇనుప చువ్వతో బస్సు టైరును కొడితే వచ్చే చప్పుడు మీలో ఎందరు విన్నారో నాకు తెలియదు. గాలి నిండుగా ఉన్న టైరు ఠంగుమని చువ్వను వెనక్కి విసురుతుంది. గాలి దిగిన టైరు దబ్బుమని దాన్ని మింగేస్తుంది. ఈ రోజు పొద్దున్నే మా డిపోలో కొత్తగా చేరిన డ్రైవరొకడు ఒక్కో టైరూ కొట్టుకుంటూ బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. నేను క్యాంటీన్ బల్ల దగ్గర అల్లం ఛాయ్ తాగి, జేబులోంచి గోలీల పట్టీ తీసి, ఒకదాన్ని చిటుక్కున నొక్కి నీళ్ళతో మింగాను. టైరు ఠంగుమనడం, పట్టీ చిటుక్కుమనడం ఒకదాని వెంట ఒకటి చెవిన పడేసరికి ప్రభుదాస్ సార్ నా పక్కనే నిలబడి "ఏస్కున్నవా సంపతూ?" అని అడిగినట్టే అనిపించింది. అంత స్పష్టంగా వినపడింది మరి, పక్కకు తిరిగి చూశాను కూడా.

ఆయన మీకు తెలియదు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు, దండలు వేయించుకున్న మనిషి కాదు. కరీంనగర్ పక్క మా డిపోలో డ్రైవర్లకు పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్. సొంత ఊరు బెల్లంపల్లి. వాళ్ళ బాపు బొగ్గుబాయిలో దిగిన మనిషి. తాతల నాటి నుంచీ మిషన్ చర్చికి పోయే కుటుంబం. సార్ పొట్టిగా, గట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం మనిషికి రెండింతలు. కోపం ముక్కు మీద ఉండేది. ఎవరైనా క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు కూడా వినపడేలా తిట్టేవారు. ఆయన సాధువని నేను చెప్పబోవడం లేదు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి, వాటి మీద డిపో అంతా నవ్వుకునేది. ఒకటి, పక్క సీట్లో కూర్చుంటే ఆయన కుడికాలు ఊరుకునేది కాదు. బండి నడిపేది మేమైనా, లేని బ్రేకును ఆయన నేల మీద తొక్కుతూనే ఉండేవారు. సార్ ఎక్కితే బండికి రెండు బ్రేకులని మా వాళ్ళు ఆటపట్టించేవారు. రెండోది, ఎంత దూరం పోయినా ఇంకొకరు నడిపే బండిలో కన్ను మూసేవారు కాదు. "ఒకల చేతిల నా పాణం పెట్టి పండుడు నాతోటి కాదురా" అనేవారు. సుగుణమ్మగారు, ఆయన భార్య, పెళ్ళయిన నాటి నుంచీ బస్సులో ఈ మనిషి కునుకు తీయగా చూడలేదని మాతో చెప్పి నవ్వేది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి పొద్దున ఆయన నా చేతిలో చువ్వ పెట్టి టైర్లు కొట్టి రమ్మన్నారు. నేను తిరిగొచ్చి అన్నీ బాగానే ఉన్నాయని చెప్పాను. అప్పుడు చూశాను, ఆయన కళ్ళు టైర్ల మీద లేవు, నా మీద ఉన్నాయి.

"టైరు సంగతి టైరే చెప్తది. నేను సూసేది నిన్ను" అన్నారు. "మా బాపు బాయిల దిగంగనే పైకప్పును గీ చువ్వతోటే కొట్టి సూసేటోడు. గట్టిగ మోగితే ముంగటికి పోయేటోడు, బొంగురుగ మోగితే ఎనుకకు మల్లేటోడు. గందుకే బతికి ఇంటికొచ్చిండు. నువ్వు టైరు కొట్టే తీరు వింటే నువ్వెట్లున్నవో నాకు తెలుస్తది."

నేను లోపల నవ్వుకున్నాను. ఈ ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాను. అది చాదస్తమో కాదో తేలడానికి కొన్నేళ్ళు పట్టింది.

నాకు ఆ జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. జ్వరమైతే ఫలానా రోజని చెప్పొచ్చు, ఇది అట్లా రాలేదు. ముందు అన్నం రుచి పోయింది. తర్వాత నిద్ర పోయింది. డ్యూటీ తలుచుకుంటేనే గుండె దడదడలాడేది. రోజూ తిరిగే హుస్నాబాద్ రూటు, ప్రతి మలుపూ తెలిసిన రోడ్డు, అయినా ఎదురుగా లారీ కనబడితే అరచేతులు చెమటలు పట్టేవి. వెనక బస్సు నిండా జనం. వీళ్ళందరినీ నేనే చంపేస్తానేమోనని భయం. నాకు ఇంట్లో ఏ లోటూ లేదు. నా భార్య రజిత బట్టలు కుడుతుంది, తమ్ముడు దుబాయిలో ఉన్నాడు, ఊళ్ళో కొంచెం పొలం ఉంది. "నీకేం తక్కువరా" అని అడిగినవాళ్ళే అందరూ. ఏమీ తక్కువ లేకపోవడమే నాకు సిగ్గయిపోయింది. ఇక ఈ బతుకు చాలు అనిపించిన రోజులు కూడా ఉన్నాయి. ఆ మాట రజితకు కూడా చెప్పలేదు.

చెబితే స్టీరింగ్ పోతుంది. నా భయమల్లా అదే. మా ఇంట్లో ఖాకీ వేసుకున్న మొదటి మనిషిని నేను. నేను బస్సు తీసుకుని మా ఊరి మీదుగా పోతుంటే మా అవ్వ పని వదిలేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడేది. తలకాయ బాగాలేదని తెలిస్తే ఎవరైనా మనిషికి బస్సు అప్పగిస్తారా? తోటి డ్రైవర్లు నా మొహం చూసి, సెలవు రోజున కల్లు మండువకు తీసుకుపోయారు. తాగినంతసేపు బాగానే ఉండేది, తెల్లారితే భయం రెట్టింపయ్యేది.

ఒక పొద్దున బస్సు వెనక టైరు దగ్గర నా చువ్వ ఆగిపోయింది. కొట్టానో లేదో గుర్తు లేదు. తర్వాత ఏం చెయ్యాలో గుర్తు లేదు. అట్లాగే నిలబడిపోయాను. సార్ వచ్చి నా చేతిలోంచి చువ్వ తీసుకుని, తిట్టకుండా క్యాంటీన్‌కు తీసుకుపోయారు. తిట్టకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది. ఆయన ఛాయ్ తాగి, రోజూ వేసుకునే గోలీ జేబులోంచి తీశారు. ఆ గోలీ డిపోలో అందరికీ తెలిసిందే.

"గిది దేని గోలీ అనుకుంటున్నవ్?"

"బీపీది గద సార్."

"బీపీది కాదు. మనసుది."

ఆ మాట ఆయన మెల్లగా చెప్పలేదు. ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. ఛాయ్ పోసే మనిషి చెయ్యి ఆపి ఇటు చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం గోలీ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నారు.

"మంచిర్యాల రూటుల ఒకపారి నా బండి ముంగట ఒక సైకిలాయన పడ్డడు. బతికిండు, మంచిగనే ఉన్నడు. తప్పు నాది కాదని అందరన్నరు. కాని నా చెయ్యి తాళం కాడికి పోకపోయె. తిండి బంద్, నిద్ర బంద్. చర్చిల అందరు ప్రార్థన చేసిండ్రు. కొందరు నాకు విశ్వాసం తక్కువైందన్నరు. మా సుగుణ ఏమన్నదంటే, ప్రార్థన నేను చేస్తనే ఉంట, నువ్వు డాక్టరు కాడికి నడువు అన్నది. రెండూ చేసినం. ఇగో, నీ ముంగట ఉన్న."

"నాకు సుత గా గోలీ పేరు చెప్పుండ్రి సార్, తెచ్చుకుంట" అన్నాను.

అప్పుడు తిట్టారు. "నా చెప్పు నీ కాలుకు పడ్తదారా? నా గోలీ నీకెట్ల పడ్తది? ఏ గోలీ, ఎంత గోలీ అనేది డాక్టరమ్మ చెప్పాలె. నేను డ్రైవర్ని, డాక్టర్ని కాదు. రేపు నీ పెండ్లాన్ని తోల్కొని రా, పోదాం."

"సార్, స్టీరింగ్ గుంజుకుంటరు."

"దాసిపెట్టినోని చేతిల స్టీరింగ్ ఉంటే నాకు భయం" అన్నారు ఆయన. "చెప్పినోనికి నేను తోవ సూపిస్త."

కరీంనగర్‌లో ఆ డాక్టరమ్మ గదిలో నేను, రజిత కూర్చున్నాం. సార్ బయట బెంచీ మీద. డాక్టరమ్మ నిద్ర గురించి, తిండి గురించి, కల్లు గురించి, ఇంకేమైనా గోలీలు మింగుతున్నానా అని ఓపికగా అడిగింది. తర్వాత సూటిగా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగింది. నేను రజిత వైపు చూశాను. అబద్ధం నోటి దాకా వచ్చింది. "అనిపించింది మేడం" అన్నాను. రజిత ఏడవలేదు. నా మోచెయ్యి పట్టుకుంది, మేము ఆ గది దాటేదాకా వదల్లేదు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ రాసిచ్చి, రజితకే ఎక్కువ చెప్పింది. గోలీల డబ్బా నీ దగ్గరే పెట్టుకోమ్మా అంది. గుణం వెంటనే కనపడదు, కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పుతుంది, గాభరా పెరిగినట్టు కూడా ఉంటుంది అంది. "చెడ్డ ఆలోచనలు ఎక్కువైనయంటే మళ్ళ వచ్చేదాకా చూడకుండ్రి, వెంటనే నాకు ఫోన్ చెయ్యుండ్రి, లేకపోతే దవాఖానకు రాండ్రి" అంది. ఇంకా చాలా చెప్పింది. కల్లు, సారా ముట్టద్దు. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే గోలీలు కూడా ఆమెను అడగకుండా వేసుకోవద్దు. ఒక పూట మరిచిపోతే రెండు కలిపి మింగొద్దు. నేను ఇవేవీ సరిగా వినలేదు. నా బుర్రలో ఒకటే ప్రశ్న.

"మేడం, బండి నడపొచ్చా?"

"ఇప్పుడే వద్దు. గోలీ మీ ఒంటికి ఎట్ల పడుతదో చూసి నేను చెప్త. అన్నిటికంటె ముఖ్యం ఇంకోటి. మంచిగైందని మీ అంతట మీరు ఆపద్దు. ఆపాలంటే నేను మెల్లమెల్లగ తగ్గిస్త."

బయటికొచ్చాక నా మొహం చూసి సార్‌కు అర్థమైపోయింది. "స్టీరింగ్ యాడికి పోదు. అది వచ్చేదాక నేను కావలుంట" అన్నారు. అన్నట్టే చేశారు. మేనేజర్ దగ్గర కూర్చుని, ఏం మాట్లాడారో ఏమో, నన్ను డిపో ఆవరణలోనే పనికి పెట్టించారు. ఇతరుల టైర్లు కొట్టి చూడడం, కొత్తవాళ్ళకు బండి కడగడం చూపించడం. ఆ రోజుల్లో నాకు కడుపులో తిప్పేది, చేతులు వణికేవి, మనసు మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. ఈ గోలీలతో ఏం లాభం, పారేస్తానని ఒకసారి ఆయన మీదికే పోయాను.

"పొద్దుగాల డీజిల్ ఇంజను ఏడెక్కకముందే టాప్ గేరేస్తవా?" అన్నారు. "ఆగరాదు జర. మరీ పరేషాన్‌గుంటే డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పు. పారేసుడు మాత్రం లేదు."

తర్వాత ఒక పొద్దున ఛాయ్‌లో అల్లం తగిలింది. అంతే, ఇంకేం జరగలేదు. నాలుక మీద అల్లం ఘాటు తెలిసింది. ఎన్నో నెలల తర్వాత ఒక రుచి తెలిసింది నాకు. "సార్, ఛాయ్ మంచిగుంది" అన్నాను.

"రోజు గిదే ఛాయ్ గదరా" అని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. గేటు వైపు చూస్తూ చాలాసేపు దగ్గారు. ఆయనకు దగ్గు లేదని నాకు తెలుసు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ స్టీరింగ్ ఎక్కాను. మొదటి రోజుల్లో సార్ నా పక్కనే కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ హుస్నాబాద్ దాకా వచ్చారు. రజిత ఇంట్లో కొబ్బరికాయ కొట్టింది. నాకు బాగైతే ఆంజనేయస్వామి మాల వేయిస్తానని ఆమె కొండగట్టుకు మొక్కుకుందట. చైత్రంలో మాల వేసుకున్నాను. కాషాయ బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం. మా వాడలో ఎల్లయ్య గురుస్వామి పీఠంలో స్వాములందరం కలిసి భజన చేసేవాళ్ళం. మనసుకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అక్కడే వచ్చింది చిక్కు. తోటి స్వామి ఒకాయన నా సంచీలో గోలీల పట్టీ చూశాడు. "స్వామీ, గివి మత్తు గోలీలు గావా? మాల మీద మత్తు పదార్థం ముట్టద్దు గద స్వామీ" అన్నాడు. చెడ్డవాడు కాదు, నా దీక్ష చెడకూడదనే ఆయన బాధ. నిజమే కదా అనిపించింది నాకు. బీడీ మానాను, కల్లు మానాను, ఇదీ మానితే స్వామి మెచ్చుకుంటాడనుకున్నాను. బాగైపోయాను కదా అన్న ధీమా కూడా ఉంది. రజితకు చెప్పకుండా ఆపేశాను.

ముందు ఏమీ కాలేదు. తర్వాత తల తిప్పితే కరెంటు కొట్టినట్టు లోపల జిల్లుమనడం మొదలైంది. కళ్ళు తిరిగేవి. ఊరికే ఏడుపొచ్చేది, ఊరికే కోపమొచ్చేది. ఒక పొద్దున భజనలో డోలక్ జోరందుకునేసరికి ఒళ్ళంతా వణికి, వెక్కివెక్కి ఏడుస్తూ కూలబడ్డాను. వెంటనే ఎవరో అరిచారు, స్వామి పూనిండు, స్వామి పూనిండు అని. సాంబ్రాణి పొగ వేశారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా కాళ్ళకు మొక్కారు. ఒకావిడ తన కొడుకుకు దుబాయి వీసా వస్తుందా స్వామీ అని అడిగింది. నవ్వకండి, నాకూ నిజమేననిపించింది. ఇందరుండగా హనుమంతుడు నన్నే ఎంచుకున్నాడని ఛాతీ ఉబ్బింది కూడా. వస్తుందమ్మా అని చెప్పేశాను.

ఆ గర్వంతోనే, కాషాయ కండువాతో డ్యూటీకి పోయాను. చువ్వ తీసుకుని టైర్లు కొట్టడం మొదలుపెట్టాను. సగం కూడా తిరగలేదు, సార్ కేక వినపడింది.

"ఆగు. తాళం ఇయ్యి."

"ఏమైంది సార్?"

"ఒక్క టైరునే కొడుతున్నవ్ ఇందాకటి సంది. గోలీ ఎన్నడు ఆపినవ్?"

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడు పూనిన మనిషిని నలుగురిలో నిలబెట్టి అడుగుతాడా ఈయన? "మీరు కిరస్తానోల్లు, మా మాల సంగతి మీకేం తెలుసు? నా మీదికి స్వామి వస్తుండు. అది చూసి మీకు కుళ్ళు" అని అరిచాను. మెకానిక్కులు కూడా పనులాపి చూశారు. సార్ మొహం ఎర్రబడింది. ఆయన కూడా అరిచారు, మరి ఆయన ప్రభుదాస్ సార్.

"నేను కిరస్తానోన్నే! నీ దేవుని సంగతి నేను మాట్లాడ్తలే. నీ మీదికి ఆయన వస్తడో రాడో నాకు తెల్వది. గోలీ బంద్ చేస్తే ఏమొస్తదో నాకు తెల్సు. నేను సుత ఒకపారి ఆపి సూసిన. తలకాయ తిప్పితే కరెంటు కొట్టినట్టు జిల్లుమంటున్నదా లేదా? చెప్పు!"

ఆ జిల్లుమనడం గురించి నేను ఎవరికీ చెప్పలేదు. రజితకు చెప్పలేదు, గురుస్వామికి చెప్పలేదు. తాళం ఆయన చేతిలో పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టారు. ఆమె వెంటనే రమ్మంది. పోయాం. ఉన్నట్టుండి ఆపడం వల్ల వచ్చిన బాధ ఇదంతా, మళ్ళీ మొదలుపెడితే సర్దుకుంటుంది అంది. మిగిలిపోయినవన్నీ కలిపి మింగకు, నేను చెప్పినట్టే వేసుకో అంది. సర్దుకునేదాకా బండి ముట్టుకోవద్దంది.

"మరి మాల?" అన్నాను బయటికొచ్చి. మాల తీసేయమంటే తీసేసేవాణ్ణి కాదు. గోలీ వేసుకుంటే దీక్ష చెడుతుంది. రెండింటి మధ్య ఇరుక్కుపోయాను. "గది నేను చెప్పేది కాదు. మీ గురుస్వామినే అడుగుదాం నడువు" అన్నారు సార్.

ఆ దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. మా పీఠం ముందు ప్రభుదాస్ సార్ బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, ఎర్రటి ఎండలో ఉత్త కాళ్ళతో నిలబడ్డారు. లోపలికి రావచ్చో లేదోనని గడప బయటే ఆగారు. చేతులు జోడించి, ఆ పెద్ద గొంతును వీలైనంత తగ్గించి అడిగారు.

"గురుస్వామీ, నేను చర్చికి పోయేటోన్ని. మీ నియమాలు నాకు తెల్వయి. ఈ పిలగాడు డాక్టరమ్మ రాసిన గోలీ ఏస్కుంటే మాల చెడిపోతదా? మీరు చెప్పినట్టే ఇంటం."

ఎల్లయ్య గురుస్వామి ఆయనను పైనుంచి కింది దాకా చూశాడు. లేచి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, చాప మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. తర్వాత తన కాషాయ సంచీలోంచి ఒక గోలీల పట్టీ తీసి అందరికీ కనపడేలా పైకెత్తాడు.

"స్వాములూ, గిది నా బీపీ గోలీ. మాల మీద రోజు ఏస్కుంట. మత్తు కోసం మింగేది వేరు, రోగానికి మింగేది వేరు. లక్ష్మణస్వామి పడిపోతే మన హనుమంతుడు ఏం చేసిండు? ఊకె కూసోని భజన చేసిండా? మందు కోసం కొండనే మోసుకొచ్చిండు. గా కొండల ముక్క పడ్డ జాగనే మన కొండగట్టు. అసుంటి స్వామి మందు వద్దంటడా?"

నాకు గోలీ ఆపమన్న స్వామి తల వంచుకున్నాడు. గురుస్వామి అందరిముందే నాతో గోలీ వేయించాడు. నీళ్ళు ఆయనే ఇచ్చాడు. సార్ గోలీ వైపు, గురుస్వామి వైపు చూసి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ఒక దండం పెట్టారు. ఆ ఏడు నేను కొండగట్టు మెట్లెక్కాను, సంచీలో గోలీల పట్టీతోనే.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున నేను ఆయన దగ్గరికి పోయి, "ఆ రోజు నోటికొచ్చినట్టు అన్న, మాఫ్ చెయ్యుండ్రి సార్" అన్నాను.

"చేసిన. నీ ఎడమ దిక్కు వెనక టైరు మెత్తగుంది, ముందు గది సూడు" అన్నారు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి డాక్టరమ్మే గోలీ కొంచెం కొంచెంగా తగ్గించి చూసింది. పూర్తిగా ఆపాక కొన్ని నెలలు బాగానే ఉండి, మళ్ళీ అన్నం రుచి పోవడం మొదలైంది. ఈసారి దాచలేదు. రజితకు చెప్పాను, సార్‌కు చెప్పాను, ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. మళ్ళీ మొదలుపెట్టింది. కొందరికి ఎక్కువ కాలం అవసరం పడుతుంది, అందులో నామోషీ ఏమీ లేదంది. నామోషీ నాకూ అనిపించలేదు. బతికున్నాను, బండి నడుపుతున్నాను, నా బస్సెక్కిన మనిషి ఎక్కినట్టే దిగి ఇంటికి పోతున్నాడు. గర్వపడడానికి ఇంతకంటే ఏం కావాలి?

సార్ రిటైరయ్యాక బెల్లంపల్లి వెళ్ళిపోయారు. వెళ్ళిన రోజు ఆ రూటు డ్యూటీ నేను అడిగి వేయించుకున్నాను. సామాను ముందే పంపేశారు. ఆయన, సుగుణమ్మగారు ముందు సీట్లో కూర్చున్నారు. నేను తాళం తీసుకోబోతే సార్ కేకేశారు, టైర్లెవరు కొడతారని. దిగి, చుట్టూ తిరిగి, ఒక్కోటి కొట్టాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి వింటూ ఉన్నారు. చివరి టైరు మోగాక తల లోపలికి తీసుకున్నారు.

పెద్దపల్లి దాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. గేదెలు అడ్డమొస్తే తొక్కారు, ట్రాక్టరు అడ్డమొస్తే తొక్కారు. నాకు నవ్వొచ్చింది. గోదావరి వంతెన మీదికి ఎక్కాక అద్దంలోకి చూస్తే కాలు కదలడం లేదు. ఏమైందోనని గుండె ఝల్లుమంది. సుగుణమ్మగారు నోటి మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూస్తోంది. "సంపతూ" అంది మెల్లగా, "సార్ పండిండు బిడ్డా." తల ఒక పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, గురక కూడా పెడుతున్నారు. చనిపోవాలనుకున్న మనిషి, తల తిరిగి ఏడ్చిన మనిషి, రోజూ గోలీ మింగే మనిషి నడిపే బండిలో ప్రభుదాస్ సార్ నిద్రపోయారు. మంచిర్యాల దాటి బెల్లంపల్లి దాకా నేను ఒక్క గుంతలో కూడా చక్రం పడనీయలేదు. వెనకాల బండ్లు హారన్లు కొట్టినా తొందరపడలేదు.

బస్టాండులో ఆయన ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, "లేపద్దా?" అని మా ఇద్దరినీ తిట్టారు. దిగేముందు వాళ్ళ బాపు చువ్వ, పొద్దున నా చేతికిచ్చిన చువ్వ, తిరిగి తీసుకోకుండా నా సీటు పక్కనే వదిలేశారు. నేను పిలిచి ఇవ్వబోతే వెనక్కి చూడకుండా చెయ్యి ఊపారు.

పోయిన చలికాలంలో ఆయన గుండె ఆగి కన్నుమూశారు. బెల్లంపల్లి చర్చిలో మా డిపో వాళ్ళం ఖాకీలతోనే నిలబడ్డాం. ఎల్లయ్య గురుస్వామి కూడా వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

ఇప్పుడు మా డిపోలో డ్రైవర్లకు పని నేర్పేది నేనే. ఈ పొద్దున టైర్లు కొట్టి వచ్చిన పిలగాడు నా చేతిలో పట్టీ చూసి, "సార్, దేని గోలీ?" అని అడిగాడు. మనసుది అన్నాను. మెల్లగా అనలేదు. వాడు ఏదో చెప్పబోయి ఆగాడు. రూటు మీద పోయొచ్చాక ఛాయ్ తాగుదాం, అప్పుడు చెప్పు అన్నాను. వాడు స్టీరింగ్ ఎక్కాడు, నేను పక్క సీట్లో కూర్చున్నాను. డిపో గేటు దాటకముందే నా కుడికాలు లేని బ్రేకును తొక్కడం మొదలుపెట్టింది. సార్‌లాగే నాకూ ఇంకొకరు నడిపే బండిలో నిద్ర రాదు. ఆయనకు మాత్రం ఒక్కసారి వచ్చింది. నా బండిలో.